తెగాల్సిన చోటు

గోదారి గట్టున పుట్టినవాడికి గాలం వెయ్యడం ఒకరు నేర్పక్కర్లేదంటారు. ఎర గుచ్చడం, బెండు కదలిక చూడడం చూస్తూ చూస్తూ వచ్చేస్తాయి, నిజమే. బరువు కట్టడం మాత్రం ఎవరో ఒకరు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాల్సిందే. నాకు చెప్పినాయన మా వాడపల్లి రేవుకి దిగువన రోజూ గాలం వేసే ఒక తాత.

మా ఊళ్లో ఏటిగట్టు దిగితే గౌతమి. పాయ మధ్యలో అంతా ఇసక, అక్కడ గాలానికి అడ్డేమీ లేదు. అయితే వాలుగ, జెల్ల మాటేసేది గట్టు కోసుకుపోకుండా పోసిన నల్లరాళ్ల సందుల్లో, వరదకి కొట్టుకొచ్చి ఇసకలో సగం కూరుకుపోయిన మొద్దుల కింద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద దిగింది. ఆ తరవాత రెండు మూడేళ్లు మా రేవులో గాలం వేస్తే చేప కంటే ముందు మొద్దే తగిలేది. ఒక్క సాయంత్రం నాలుగు గాలాలు పోగొట్టుకుని ఏడుపు మొహంతో కూర్చుంటే తాత నా తాడు చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఏరా అబ్బాయ్, రాయికీ ఇదే తాడు కట్టేసేవేంట్రా? రాయి ఇరుక్కుంటే ఏం చేత్తావ్?"

"లాగుతాను తాతా."

"లాగితే తెగుద్ది. ఎక్కడ తెగుద్దో నువ్వు ముందే చెప్పుకోవాలి. నువ్వు చెప్పకపోతే ఏరు చెప్తాది."

ఆయన తన సంచిలోంచి బంగాళా పెంకు ముక్క ఒకటి తీశాడు. రెండు పక్కలా గాడి కొట్టి ఉంది. దానికి పూలు కట్టే అరటి నార, తడిపింది, జానెడు పొడుగున కట్టాడు. ఆ నారని గాలపు తాడు కొసకి ముడేశాడు. గాలం మాత్రం ఆ ముడికి పైన, గట్టి తాడు మీదే ఉంది. చేప లాగితే ఆ బలమంతా గట్టి తాడు మీద పడుతుంది, నార మీద పడదు. పెంకు రాళ్లలో చిక్కుకుంటే నార పుటుక్కున తెగుతుంది. పోయేది పెంకు ముక్క. చేపా, గాలమూ, తాడూ ఒడ్డుకొస్తాయి.

ఇంగ్లండు సముద్ర తీరంలో రాళ్ల మీద గాలం వేసేవాళ్లు ఇదే పని చేస్తారని చాలా ఏళ్లకి చదివాను. దాన్ని వాళ్లు 'రాటెన్ బాటమ్' అంటారు, అంటే పుచ్చిపోయిన అడుగు. గాలపు తాడు పదిహేను కిలోలు మోసేదైతే, సీసానికి అయిదు కిలోలకే తెగే దారం కడతారు. అది చదివినప్పుడు నాకు పెంకు ముక్కా, తడి అరటి నారా కళ్లముందుకొచ్చాయి.

ఇంత తెలిసీ నేను విశాఖలో ఆ మాట మరిచాను. ఉద్యోగానికి వెళ్లిన కొత్తలో తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద గాలం వేసేవాణ్ణి. కొత్త కడ్డీ, కొత్త రీలు, 150 గ్రాముల సీసం, అంతా ఒకటే నైలాన్ తాడు. ఒక తెల్లవారుజామున మంచి చేప పడింది. రెండు బారలు వచ్చాక సీసం రాతి సందులో ఇరుక్కుంది. కడ్డీ వంచి లాగాను, తాడు చేతికి చుట్టుకుని లాగాను. చూపుడువేలు ఎముక దాకా కోసుకుపోయింది, తాడు నా కాళ్ల దగ్గరే తెగింది. వేలు మానింది. కానీ నీళ్ల కింద ఆ చేప నోట్లో గాలంతో, రాయికి కట్టేసినట్టు మిగిలిపోయింది. తప్పించుకోలేదు, ఒకరి కంచంలోకీ రాలేదు. అది పూర్తిగా నా తప్పే. ముప్ఫై గజాల నైలాన్ కూడా అక్కడే ఉండిపోయింది. నైలాన్ ఏళ్ల తరబడి కుళ్లదు.

పలచటి దారంతో ఒక చిక్కు ఉంది, అది దాచకూడదు. కడ్డీతో విసిరేటప్పుడు సీసం తన బరువుకి ఎన్నో రెట్ల బలంతో దారాన్ని లాగుతుంది. అక్కడే తెగితే ఆ సీసం తూటాలా ఎటు పోతుందో చెప్పలేం. పక్కన మనుషులుంటే ప్రాణం మీదికొస్తుంది. దీనికి మందు చిన్న తీగ కొక్కెం. దాన్ని గట్టి తాడుకే కట్టి, సీసాన్ని దానికి తగిలిస్తారు. విసిరినప్పుడు బిగువంతా కొక్కెం మోస్తుంది. నీళ్లలో పడగానే బిగువు సడలి సీసం కొక్కెం మీంచి జారిపోతుంది, అప్పట్నుంచి దాన్ని పట్టుకునేది పలచటి దారం ఒక్కటే. తాత చేత్తో మెల్లగా విసిరేవాడు కాబట్టి ఆయనకి కొక్కెం అవసరం పడలేదు.

పోతుందని తెలిసిన బరువుకి సీసం ఎందుకు? సీసం విషం. నీటి పక్షులు చిన్న గుండ్లు మింగి చస్తున్నాయని ఇంగ్లండులో 28 గ్రాముల లోపు సీసపు గుండ్లని 1987లో నిషేధించారు. పెద్దవాటికి ఆ నిషేధం లేదు, అయినా మనం ఆగొచ్చు. మెకానిక్ షెడ్లలో పారేసే పాత స్పార్క్ ప్లగ్గులు, తుప్పు పట్టిన నట్లు, ఏటి ఒడ్డున దొరికే నల్లరాయి ముక్క, తాత పెంకు, ఏదైనా సరిపోతుంది. దారం నూలుదైతే నీళ్లలో కుళ్లిపోతుంది. నూలు దారం లేకపోతే ఉన్న తాడులోనే బరువు దగ్గర ఒక మామూలు ముడి వెయ్యండి, ముడి పడ్డ చోట తాడు బలం బాగా తగ్గుతుంది. ఇరుక్కున్నప్పుడు కడ్డీ వంచకండి. తాడుకి ఎదురుగా తిన్నగా పట్టుకుని, తాడుని ఒక కర్రకి చుట్టి, వెనక్కి నడవండి. చేతికి మాత్రం చుట్టుకోకండి.

వరద తీశాక మన రేవుల్లో మళ్లీ మొద్దులు చేరతాయి. గాలపు సంచిలో ఒక నూలు దారం ఉండ కూడా వేసుకుని రండి.