రోడ్డుకు నడుమ ఎక్కడ?

పట్టణ ప్రణాళిక అనగానే మనకు గుర్తొచ్చేది కమిషనర్ గదిలో గోడకు వేలాడే మాస్టర్ ప్లాన్. ఇళ్లకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, ఆసుపత్రులకూ ఆఫీసులకూ ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. చూడముచ్చటగా ఉంటుంది. ఊరు నిజంగా ఆ పటంలో ఉన్నట్టు పెరుగుతుందా లేదా అన్నది మాత్రం ఆ గదిలో తేలదు. టౌన్‌ప్లానింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయో అబ్బాయో రాసే తనిఖీ నోటులో తేలుతుంది. అరపేజీ ఉంటుంది ఆ నోటు. దాన్ని బాగా రాయడం ఎంత పెద్ద విద్యో దగ్గరగా చూస్తేగానీ తెలియదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చే దారులు చాలానే ఉన్నాయి. విజయవాడలో 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనో, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలోనో ప్లానింగ్ చదివి వచ్చేవాళ్లు కొందరు. సివిల్ డిప్లొమా చేసి, పరీక్ష రాసి టౌన్‌ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్లుగా చేరేవాళ్లు కొందరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు వచ్చాక వార్డు ప్లానింగ్ కార్యదర్శులుగా మరెందరో చేరారు. అక్కడి నుంచి సూపర్‌వైజర్, టౌన్‌ప్లానింగ్ ఆఫీసర్, అసిస్టెంట్ సిటీ ప్లానర్, ఆ పైన సిటీ ప్లానర్ దాకా మెట్లున్నాయి. ఏ దారిన వచ్చినా మొదట్లో చేతికందేది ఒక టేపు, ఒక ఫైళ్ల కట్ట, తోడుగా కొలతలకు సాయం పట్టే ఒక చైన్‌మన్. చైన్‌మన్‌ను చిన్నచూపు చూసిన కొత్త ఉద్యోగి చాలా పోగొట్టుకుంటాడు. ఏ సందులో లేఅవుట్ నాటి రాయి ఇంకా మిగిలి ఉందో, ఏ కాలువ మీద పలకలు పరిచి మెట్లు కట్టారో, పార్కుకని వదిలిన స్థలంలో మొదట రేకుల షెడ్డు ఎవరు వేశారో ఆయనకు నోటికి వచ్చు.

ఒక ఫైలు తీసుకుందాం. చిన్న మున్సిపాలిటీ, పాత లేఅవుట్, తూర్పు రోడ్డు ఉన్న 200 గజాల స్థలం. రోడ్డు వైపు 36 అడుగులు, లోపలికి 50. లేఅవుట్ పటంలో ఆ రోడ్డు 30 అడుగులు. మాస్టర్ ప్లాన్ దాన్ని 40 అడుగులు చేయమంటోంది. రెండువైపులా సమానంగా పెంచాలి కాబట్టి, నడిమి గీత నుంచి ఇటు 20, అటు 20. ఇప్పుడున్నది 15. యజమాని 5 అడుగులు వదలాలి. 36 అడుగుల పొడవున 5 అడుగులంటే 180 చదరపు అడుగులు, 20 గజాలు. ఇదంతా కాగితం మీద లెక్క. ఐదో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు.

ఇక స్థలం దగ్గరికి వెళ్తే, గోడ నుంచి గోడకు టేపు పెడితే రోడ్డు 26 అడుగులే ఉంది. ఎదురు వరుసలో వాళ్లు ఎప్పుడో 4 అడుగులు ముందుకు జరిగి కాంపౌండు గోడ కట్టుకున్నారు. తొందరలో ఉన్న ఉద్యోగి 26లో సగం 13 అని వేసుకుని, 20 కావాలంటే ఇంకో 7 అడుగులు వదలమని ఈయనకు రాసేస్తాడు. 20 గజాలు పోవలసిన చోట 28 పోతాయి. ఎదుటివాళ్లు కలుపుకున్నదానికి ఈయన 8 గజాలు కట్టినట్టు. పైగా అనుమతి పత్రం మీద ముద్ర పడ్డాక ఆ తప్పు గీతే అసలు గీత అయిపోతుంది. రేపు పక్కింటి ఫైలు వస్తే దీన్ని చూసి దాన్నీ అలాగే వేస్తారు. పదేళ్లకు రోడ్డు రోడ్డంతా రెండు అడుగులు పక్కకు జరుగుతుంది.

ఈ ఫైలు మీద నేను చూసిన తనిఖీకి వచ్చిన వార్డు ప్లానింగ్ కార్యదర్శికి పాతికేళ్లుంటాయి. వచ్చీ రాగానే టేపు తీయలేదు. ముందు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. ఎక్కడెక్కడ పాత ఇళ్లు మార్పు లేకుండా ఉన్నాయో చూసుకుంది. రెండు కొసల్లోనూ లేఅవుట్ నాటి గోడలు ఎదురెదురుగా మిగిలిన చోట్లు పట్టుకుని, అక్కడ వెడల్పు కొలిపించింది. రెండు చోట్లా 30 వచ్చింది. ఆ రెండింటి నడిమి బిందువులు గుర్తుపెట్టి, చైన్‌మన్‌తో దారం లాగించింది. కరెంటు స్తంభాల వరుస ఆ దారానికి ఎంత దూరంలో ఉందో మూడు చోట్ల చూసింది. స్తంభాలు ఒకే దూరంలో నడుస్తున్నాయి. అప్పుడు గానీ 36 అడుగుల స్థలం ముందుకు రాలేదు. అరగంట పట్టింది. ఆ అరగంటలో ఆ వీధికంతా నడిమి గీత దొరికింది, ఆ ఒక్క ఫైలుకే కాదు.

యజమాని పెద్దాయన. ఓపికగానే చూస్తూ నిలబడ్డాడు గానీ చివరికి అడిగేశాడు.

“అమ్మా, నా 20 గజాలు రోడ్డుకు పోతే నాకేం ఒరుగుతుంది?”

“బాబాయ్ గారూ, ఊరికే పోదండీ. వదిలినదానికి బదులుగా సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదిలే ఖాళీలో, సడలింపు అడగొచ్చు, లేదంటే టీడీఆర్ బాండు, అంటే అమ్ముకోదగిన నిర్మాణ హక్కు, తీసుకోవచ్చు. ఏది లాభమో మీ ఇంటి ప్లాను చూసి చెప్తాను. ముందే వదిలి కట్టుకుంటే రేపు రోడ్డు వెడల్పు చేసినా మీ గోడ జోలికి ఎవరూ రారు.”

“మరి ఎదుటివాడు కలుపుకున్నది?”

“అది కూడా రాస్తున్నానండీ. మీ లెక్కలో మాత్రం వేయను.”

నోటులో ఆమె రాసింది ఇంతే: లేఅవుట్ ప్రకారం రోడ్డు 30 అడుగులు, స్థలంలో 26, ఎదురు వరుసలో గోడ 4 అడుగులు ముందుకు ఉంది, వీధి రెండు కొసల్లో పాత గోడల ఆధారంగా నడిమి గీత తీసుకున్నాను, దరఖాస్తుదారు వదలవలసింది 5 అడుగులు, 20 గజాలు, సెట్‌బ్యాక్ కొత్త అంచు నుంచి లెక్కించాలి. కింద చేత్తో వేసిన చిన్న చిత్తు పటం, ఉత్తరం బాణం, మూడు కొలతలు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. పదేళ్ల తర్వాత ఎవరు తీసి చూసినా ఆ గీత ఎలా వచ్చిందో అర్థమవుతుంది. మంచి తనిఖీ నోటుకు నా దృష్టిలో కొలమానం ఇదే: రాసిన మనిషి బదిలీ అయిపోయినా నోటు తన పక్షాన తాను వాదించుకోగలగాలి.

ఈ పని అవసరం ఇంకా ఉందా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, అనుమతుల విధానం బాగా మారింది. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలానికి అసలు అనుమతే అక్కర్లేదంది, రిజిస్టర్ చేసుకుంటే చాలంది. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇచ్చింది. లంచాలకూ తిప్పలకూ గురైన సామాన్యుడికి అది పెద్ద ఊరట, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు (ఎల్‌టీపీ) వేసిచ్చిన డ్రాయింగును సాఫ్ట్‌వేరే చదివి, ఏ వైపు ఎంత తగ్గిందో నిమిషాల్లో చెప్పేస్తుంది. అయితే అది చదివేది డ్రాయింగును. డ్రాయింగులో రోడ్డు 30 అని రాస్తే దానికీ 30యే. ఎదుటి గోడ 4 అడుగులు ముందుకొచ్చిన సంగతి దానికి ఎవరో ఒకరు వెళ్లి చూసి చెప్పాలి. అనుమతి తేలికైన కొద్దీ ఆ తర్వాతి తనిఖీ బరువు పెరిగింది.

ఆ తనిఖీకి కూడా వేళ ఉంటుంది. సెట్‌బ్యాక్ తగ్గిందని శ్లాబు పడ్డాక చెప్పడం వల్ల ఎవరికీ మేలు లేదు. అప్పటికి కుటుంబం అప్పు చేసి ఉంటుంది, మేస్త్రీ డబ్బు తీసుకుని ఉంటాడు, కొట్టేయమంటే గొడవ, వదిలేస్తే చెడ్డ ఆనవాయితీ. స్థలంలో ముగ్గు పోసిన రోజున, పునాది గోతులు తీయకముందు వెళ్లి “ఇటు ఒక అడుగు లోపలికి జరపండి” అంటే మేస్త్రీ పది నిమిషాల్లో ముగ్గు చెరిపి మళ్లీ పోస్తాడు. అనుభవమున్న ఓవర్సీరు తన వార్డులో ఎక్కడ ఇసుక దిగిందో, ఎక్కడ కంకర దిగిందో గమనిస్తూ తిరిగేది అందుకే. నోటీసులు ఎక్కువ ఇచ్చే ఉద్యోగి కన్నా, నోటీసు ఇవ్వాల్సిన అవసరం రాకుండా చూసుకునే ఉద్యోగి గొప్పవాడని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్ల పని ఏ నెలవారీ నివేదికలోనూ అంకెగా కనిపించదు.

రోడ్డు కన్నా కష్టమైన గీత ఇంకొకటుంది. అది చెరువుది.

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు, అందరూ జీవో 168 అనేవి, పది హెక్టార్లూ అంతకు మించిన చెరువు నిండు మట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు వదలమన్నాయి. మాట సులువుగా ఉంది. ఏప్రిల్‌లో వెళ్లి చూస్తే నీళ్లు ఎక్కడో నడుమ ఇంత గుంటలో ఉంటాయి. మిగతాదంతా తుమ్మచెట్లు, క్రికెట్ ఆడే పిల్లలు, మట్టి పోసి చదును చేసిన జాగా. అక్కడ నిలబడి సెప్టెంబరులో నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో చెప్పాలి. తెలిసినవాళ్లు ముందు అలుగు దగ్గరికి వెళ్తారు. చెరువు ఎంత నిండినా నీళ్లు అలుగు మట్టం దాటాక పొర్లిపోవలసిందే కాబట్టి, ఆ మట్టమే నిండు మట్టం. అలుగు మీద లెవెల్ పెట్టి, అదే ఎత్తు చుట్టూ ఎక్కడెక్కడ నేలను తాకుతుందో చూసుకుంటూ పోతే హద్దు బయటపడుతుంది. తర్వాత దాన్ని నీటిపారుదల శాఖ పటంతో, రెవెన్యూ లెక్కలో చెరువు గర్భంగా రాసిన శిఖం భూమితో సరిచూస్తారు. ఇక్కడే ఇంకో జాగ్రత్త అవసరం. అలుగునే ఎవరైనా పగలగొట్టి కిందికి దించి ఉంటే? నీళ్లు తొందరగా పోతాయి, చెరువు చిన్నదవుతుంది, చుట్టూ ప్లాట్లు పెరుగుతాయి. అలుగు రాతికట్టులో కొత్త సిమెంటు కనపడితే అనుమానించాలన్న సంగతి ఏ సిలబస్‌లోనూ ఉన్నట్టు లేదు. కట్ట కింద చేను చేసిన ముసలి రైతులు చెప్తారు. వాళ్లను అడగాలన్న తెలివి ఉన్న ప్లానరుకు సగం పని అయినట్టే.

పాత కాగితాలు చదవడం కూడా ఈ విద్యలో భాగమే. పొలం కొలతల పటాన్ని కోస్తాలో, సీమలో ఎఫ్‌ఎంబీ అంటారు, తెలంగాణలో టీపన్. ఊరికి ఆనుకున్న పొలం లేఅవుట్‌గా మారేటప్పుడు దాని అసలు ఆకారం దొరికేది వీటిలోనే. పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు గంటర్ గొలుసులో ఉంటాయి: గొలుసుకు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత, ఆ గీత మీద ఎన్ని లింకుల దగ్గర ఎటువైపు ఎంత దూరంలో హద్దు వంపు తిరిగిందో సన్నటి అంకెలు. నూరేళ్ల కిందట ఎండలో నడిచి ఆ అంకెలు రాసిన సర్వేయర్ల చేతిని తలచుకుంటే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ అంకెల్ని తిరిగి నేల మీదికి దించి, పుంత ఎక్కడ పోయిందో చూపించే కుర్రవాడు వాళ్లకు తగిన వారసుడు.

గీత నిలబడితే ఊరు ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ పత్తర్‌గట్టీ వెళ్లాలి. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పని అది. రోడ్డుకు రెండువైపులా రాతి కమానుల వరుస. ఎంత రద్దీ పెరిగినా, బోర్డులు ఎన్ని వేలాడినా ఆ కమానుల అంచు ఇప్పటికీ వీధి హద్దు ఎక్కడో చెబుతూనే ఉంది.

ఇంత పని చేయవలసిన చోట మనుషులే చాలడం లేదు. రాజ్యాంగ 74వ సవరణ పట్టణాలకు అప్పగించిన 18 బాధ్యతల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. చిన్న మున్సిపాలిటీల్లో ఈ రెండూ కలిసి ఒకరిద్దరి నెత్తిన పడతాయి. దేశంలోని 7,933 పట్టణ ఆవాసాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదని 2021లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. రాష్ట్రాల ప్రణాళికా విభాగాలకు 12,000కు పైగా ప్లానర్ పోస్టులు కావలసి ఉండగా మంజూరైనవి 4,000 లోపే, వాటిలోనూ దాదాపు సగం ఖాళీ అని కూడా అదే నివేదిక లెక్క తేల్చింది. ప్లానింగ్ చదివిన పిల్లలు కన్సల్టెన్సీల వైపు వెళ్లిపోవడం సహజమే. అయినా మున్సిపాలిటీలో చేరమనే నేను చెబుతాను. కన్సల్టెంటుకు ఊరు ఒక ప్రాజెక్టు, గడువు తీరితే వెళ్లిపోతాడు. వార్డు కార్యదర్శికి తాను గీసిన గీత మీద లేచిన ఇల్లు రోజూ ఎదురవుతుంది.

కొన్నేళ్లు ఇలా టేపు పట్టినవాళ్లే తర్వాత మాస్టర్ ప్లాన్ పనికి కూర్చుంటారు. ముసాయిదా ప్రకటించగానే అభ్యంతరాలు వస్తాయి: మా పొలం మీదుగా రోడ్డు వేశారని, మా ఇంటికి ఆకుపచ్చ రంగు వేశారని, శ్మశానం పటంలో లేదని. వాటిని వచ్చిన తేదీ వరుసలో కట్ట కట్టి పెట్టేవాళ్లుంటారు. నేను చెప్పిన కోవకు చెందినవాళ్లు సర్వే నంబరు వరుసలో విడదీసి, ఒకే చోటికి సంబంధించినవన్నీ ఒక దగ్గర పెట్టి, పటం జేబులో పెట్టుకుని బండెక్కుతారు. 60 అడుగుల రోడ్డు ఒక బావి మీదుగా పోతోందని ముగ్గురు రాస్తే, ఆ బావి దగ్గరికి వెళ్లి, గీతను ఎంత జరిపితే బావీ దక్కి మలుపూ చెడకుండా ఉంటుందో అక్కడే కొలుచుకుని వచ్చి ఫైల్లో రాస్తారు.