ఎల్సీ తీసుకున్నావా?

మార్కాపురం నుంచి గిద్దలూరు దారిలో కరెంటు స్తంభాలకేసి చూస్తే, కరెంటు తీగల కింద ఒక నల్ల తీగ కనిపిస్తుంది. అది ఫైబర్. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నేల తవ్వకుండా ఇలా స్తంభాల మీదుగానే వచ్చింది. రాష్ట్రమంతా దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగ. దాని పరికరాలను సబ్‌స్టేషన్లలోనే పెట్టారు. అలా మా నెట్‌వర్క్ వాళ్లు కరెంటోళ్ల పొరుగుకు చేరారు. పొరుగు చేరినా వాళ్ల మంచి అలవాటు ఒకటి మాకింకా అబ్బలేదని నా బాధ.

లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఎల్సీ తీసుకుంటాడు. ఎల్సీ అంటే లైన్ క్లియర్. ఫలానా ఫీడర్, ఫలానా పని అని సబ్‌స్టేషన్‌కు చెబుతాడు. ఆపరేటర్ లైను ఆపి పేరు, టైము, కారణం రిజిస్టర్లో ఎక్కిస్తాడు. తీసుకున్నవాడు పని ముగించి తిరిగి ఇచ్చేదాకా లైను ఛార్జ్ చెయ్యడు. ఊళ్లోంచి ఎవరు ఫోన్ చేసినా ఒకటే జవాబు: "ఎల్సీ ఇంకా రిటర్న్ కాలేదబ్బయ్యా."

మేమో? ల్యాప్‌టాప్ తగిలించి, లాగిన్ అయి, రెండు లైన్లు కొట్టి, "వచ్చేసింది సార్" అని బండెక్కుతాం.

ఆ రెండు లైన్లలో ఏముంటుందో చూడండి. ఒక ఆఫీసులో స్విచ్ నుంచి స్విచ్‌కు పోయే లింకు మీద రెండు వీలాన్‌లు నడుస్తున్నాయి. వీలాన్ అంటే ఒకే తీగ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్, ఒక్కోదానికి ఒక నంబరు. 10లో కంప్యూటర్లు, 20లో సీసీ కెమెరాలు. కొత్తగా వేలిముద్రల మెషీన్ వచ్చింది, దానికి 30 కలపాలి. సిస్కో స్విచ్‌లో కొట్టాల్సింది "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ యాడ్ 30" అని. ఇందులో "యాడ్" ఎగిరిపోయిందా, స్విచ్ ఏ ప్రశ్నా వెయ్యదు. 10నీ 20నీ తీసేసి 30ని ఒక్కదాన్నే ఉంచుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోవడమంటే ఇదే. అదే లింకు మీదుగా లాగిన్ అయి ఉంటే, సరిచేయడానికి వెనక్కి వెళ్లే దారి కూడా ఉండదు.

అయినా ఈ తప్పు నయం, వెంటనే గోల మొదలవుతుంది. గుట్టుగా కూర్చునే తప్పు ఇంకోటుంది. కొట్టిన మార్పు ముందు నడుస్తున్న మెమరీలోకే వెళ్తుంది. "రైట్" కొడితేనే శాశ్వతంగా నిలుస్తుంది. కొట్టకపోతే అది మార్కాపురం పలక మీద బలపంతో రాసిన లెక్క, కరెంటు పోవడం తడిగుడ్డ. బ్యాటరీ బాగున్నన్ని నెలలు ఏమీ తెలియదు. ఏ ఎండాకాలపు రాత్రో కోత ఎక్కువై బ్యాటరీ కూడా చచ్చాక, స్విచ్ పెట్టె పాత బుద్ధితో లేస్తుంది. అందరూ కరెంటును తిట్టిపోస్తారు. మూడు నెలల కిందటి మార్పు ఎవరికి గుర్తుంటుంది?

దీనికి మందు ఎప్పుడో వచ్చింది, అదీ ఉచితంగా. ర్యాన్సిడ్ అనే ప్రోగ్రాం 1990ల నాటిది, ఆక్సిడైజ్డ్ దాని తర్వాతి తరం. పాత కంప్యూటర్ చాలు. టైము ప్రకారం ప్రతి పరికరంలోకీ వెళ్లి, కాన్ఫిగరేషన్ తెచ్చి, పాతదానితో పోల్చి, చేరిన లైనుకు ప్లస్, పోయిన లైనుకు మైనస్ పెట్టి చూపిస్తాయి. దూరం నుంచి మార్చేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. సిస్కోలో ముందుగా "రీలోడ్ ఇన్ 10" అని పెట్టుకుంటే, మనం బయటపడిపోయినా పది నిమిషాలకు పెట్టె రీస్టార్ట్ అయి, సేవ్ చేసిన పాత స్థితికి వస్తుంది. జునిపర్‌లో "కమిట్ కన్ఫర్మ్‌డ్" చేసేదీ దాదాపు అదే. ఒంగోలులో కూర్చుని కొమరోలులో పెట్టెను ముట్టుకునేవాడు ఇది చెయ్యకపోతే నాకు కోపం వస్తుంది. తేడా వస్తే మళ్లీ అంత దూరం బండేసుకుని పోవాల్సిందే.

"మాకెందుకండీ, ఇదేమన్నా పెద్ద కంపెనీనా" అంటారు. పెద్ద కంపెనీ సంగతీ విందాం. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ కూలి, కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఫోనూ నెట్టూ పోయాయి. రూటర్లో ఒక ఫిల్టర్ తీసేయడంతో ముఖ్యమైన రూటర్ల మీదికి దారుల వివరాలు వరదలా వచ్చిపడ్డాయి. అది ఏడు దశల పనిలో ఆరో దశ. ముందు దశలు సాఫీగా సాగాయి కదా అని, మొదట "ఎక్కువ" అనుకున్న ప్రమాదాన్ని "తక్కువ"కు దించారు. రిజిస్టర్ ఉంది, ఆమోదాలూ ఉన్నాయి. కానీ ఐదుసార్లు ఏమీ కాలేదన్న ధీమా అక్కడా మన ధీమా లాంటిదే. పైగా సిబ్బంది ఫోన్లూ అదే నెట్‌వర్క్‌వి కావడంతో ఒకరినొకరు పిలుచుకోవడానికే కష్టమైంది.

సాఫ్ట్‌వేర్ ఏం మారిందో చెబుతుంది. ఎందుకు మారిందో మనిషే రాయాలి. మన వైపు ఇది మరీ అవసరం, ఎందుకంటే పని నేర్చిన కుర్రాడు ఏడాది తిరక్కుండా హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతాడు. తర్వాత వచ్చినవాడికి ఏదో అడ్రసును ఆపేసే లైనొకటి కనిపిస్తుంది. తియ్యాలంటే భయం, ఉంచాలంటే అనుమానం. ఫోన్ చేస్తాడు.

"అన్నా, ఈ డినై లైను ఎందుకు పెట్టావు?"

"ఏ లైనురా? నేనా పెట్టింది? ఏమో, ఉండనియ్యి. ఇన్నాళ్లూ నడిచిందిగా."

ఆ కుర్రాడికి నా సలహా ఒకటే. తియ్యకు. రిజిస్టర్ తెరిచి తేదీ వేసి, "కారణం తెలియదు, పెట్టినవారిని అడిగాం" అని రాయి. ఆ పేజీలో మొదటి ఎంట్రీ అదే అయినా సరే.