పై చదువుల దరఖాస్తు

దరఖాస్తును విమర్శకు తెచ్చుట చూచి కొందఱు నవ్వవచ్చును. కాని మన ప్రాంతపు యువకులు శ్రద్ధతో వ్రాయు మొదటి గద్యరచన తఱచుగా అదియే. పెక్కుమందికి కడపటిదియు నదియే. పద్యమున గణము తప్పిన నలుగురు నవ్వి యూరకుందురు. దరఖాస్తు తప్పిన ఒక యేడు పోవును. నేను పాఠశాలలో ఆంగ్లము చెప్పువాడనగుటచే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో డిగ్రీ ముగించిన పిల్లలు పై చదువులకై వ్రాసికొన్న పత్రములను దిద్దుమని తెచ్చుచుందురు. వానిలో నాకు కనబడిన ముఖ్యదోషము వ్యాకరణమునకు సంబంధించినది కాదు. వ్రాసినవాడు ఆ వ్రాతలో లేకపోవుటయే ఆ దోషము.

విద్యాప్రవేశమును గూర్చి మన ప్రాచీన వాఙ్మయమున మిక్కిలి చక్కని కథ ఛాందోగ్యోపనిషత్తులో నున్నది. సత్యకాముడు గురువునొద్దకు పోదలచి, తన గోత్రమేదని తల్లియగు జబాల నడిగెను. యౌవనమున పలుచోట్ల పరిచర్య చేయుచు నిన్ను కంటిని, గోత్రము నే నెఱుగను, జాబాలుడనని చెప్పుకొనుమని ఆమె పలికెను. బాలుడు హారిద్రుమత గౌతముని యెదుట నిలిచి ఆ మాటలనే పొల్లు పోకుండ అప్పగించెను. గౌతముడు సమిధలు తెమ్మని చేర్చుకొనెను. ఇంతవఱకు పండితులందఱు మెచ్చుకొనుచునే చెప్పుదురు. చేర్చుకొనుటకు గౌతముడు చూపిన కారణమువద్ద మాత్రము నిలువరు. బ్రాహ్మణుడు కానివాడు ఇట్లు చెప్పజాలడని ఆయన యనెను. అనగా ఎదుటనున్న బాలుని సత్యమును గుర్తించియు, దానిని వాని ఖాతాలో వేయక కులము ఖాతాలో జమకట్టెను. మొదట నిజము చెప్పిన జబాల మాట ఎవరి ఖాతాలోను పడలేదు.

నేటి దరఖాస్తులోను కులమునకొక గడి కలదు. దానిని చూచి ముక్కు విఱుచువారితో నేను ఏకీభవింపను. నాడు గోత్రప్రశ్న తలుపు మూయుటకు పనికివచ్చినది. నేడు ఈ గడి మూసిన తలుపును తెఱచుటకు వచ్చినది. కుల, ఆదాయ ధ్రువపత్రములకై మీసేవ కేంద్రముల చుట్టు తిరుగుట కష్టమే. అయినను ఆ కాగితము లేనినాడు ఈ పిల్లలలో సగముమంది ఆ మెట్లే ఎక్కియుండరు. నా ఆక్షేపణ వేఱు. తెలంగాణ విశ్వవిద్యాలయములలో పీజీ సీట్లకు సీపీగెట్ అను ఉమ్మడి పరీక్షను ఉస్మానియా విశ్వవిద్యాలయము నడుపుచున్నది. 90 నిమిషములలో 100 ప్రశ్నలకు సమాధానములు గుర్తించవలెను. ర్యాంకు వచ్చిన పిదప వెబ్ ఆప్షన్లు, ఆపైన సీటు. ఇందు సిఫారసు ఉత్తరమునకు తావు లేదు. అది చిన్న మేలు కాదు. కాని తండ్రి పేరు, కులము, ఆదాయము, మార్కులు అన్నియు నడిగిన యీ యేర్పాటు, నీకేమి తెలిసికొనవలెనని యున్నది అను ఒక్క మాటను మాత్రము అడుగదు.

కోరుట్లలో బీడీలు చుట్టి పిల్లలను చదివించు తల్లులు వీధివీధినను కలరు. అట్టి తల్లి కూతురు ఆర్థికశాస్త్రమున ఎం.ఏ. చదువదలచినదనుకొనుడు. వేయి బీడీలకు కూలి యెంతయో, కార్ఖానాలో గుమాస్తా పనికిరావని తీసివేసిన బీడీల నష్టము ఎవరి నెత్తిన పడునో ఆమెకు చిన్ననాటనే తెలియును. వేతనములను గూర్చి అంత దగ్గఱి జ్ఞానము ఏ ఆచార్యునికైనను అసూయ పుట్టించును. నాలుగు సమాధానములలో ఒకటి గుర్తించునప్పుడు అది ఎక్కడ కనబడును?

సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదువుకొని, పిదప ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. పట్టము పొందిరి. ఆధునికాంధ్ర కవిత్వములోని సంప్రదాయములను, ప్రయోగములను గూర్చిన పరిశోధనకు 1962లో డాక్టరేటు వచ్చినది. బాల్యమున ఆయనను తెలుగువైపు లాగినవి హరికథలు, జంగము కథలు, పల్లెపాటలు. వానికి మార్కుల పట్టిక ఎవరిత్తురు?

ఇక మన దరఖాస్తు అడుగని ప్రశ్నను అమెరికా విశ్వవిద్యాలయములు అడుగుచున్నవి. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అను పత్రమున నీవెవరవు, ఏమి చదువదలచితివి, ఎందుకు అని వ్రాయవలెను. చిత్రమేమనగా, అడిగిన చోటను మనవారు చెప్పరు. నేను చూచిన పత్రములన్నియు చిన్ననాటినుండి కంప్యూటర్లపై మక్కువతో మొదలగును. దేశసేవ చేసెదనను ప్రతిజ్ఞతో ముగియును. నడుమ ఆ విశ్వవిద్యాలయమును దాని ప్రకటనలలోని మాటలతోనే పొగడుట యుండును. మన ప్రబంధములలో ఏ పురమైనను అగడ్త పాతాళము నంటును, కోట ఆకాశము నంటును. ఈ పత్రములలో ఏ కళాశాలయైనను ప్రపంచప్రసిద్ధమే. ప్రబంధకవికి శబ్దసౌందర్యమైన నుండెను.

సిరిసిల్లనుండి వచ్చిన ఒక ఇంజనీరింగు విద్యార్థి పత్రము ఇట్టిదే. దానిని ప్రక్కన పెట్టి, యంత్రవిద్యపై నీకు ఆసక్తి నిజముగా ఎట్లు కలిగినదని తెలుగులో నడిగితిని. అతని తండ్రి సాంచాలు నడుపు కార్మికుడు. ఎనిమిది సాంచాలు ఒక్కసారి మ్రోగుచుండగా, పోగు తెగినది దేనిమీదనో ఆయన చూడకయే చప్పుడును బట్టి చెప్పునట. ఆ వినికిడిని యంత్రమునకు నేర్పవచ్చునా యని కుఱ్ఱవాడు రెండేండ్లుగా ఆలోచించుచున్నాడు. పరిశోధనకు ఇంతకంటె మంచి ప్రశ్న యెక్కడ దొరకును? దీని నెందుకు వ్రాయలేదంటిని. "అది రాస్తే మా ఇంటి సంగతంత తెలుస్తది గద సార్" అనెను.

సత్యకాముడు చెప్పగలిగినది ఇతడు చెప్పలేకపోయెను. తప్పు కుఱ్ఱవానిదని నేననను. జబాల కుమారునికి తల్లి నేర్పి పంపినది. ఇతనికి చదువు దాచుకొమ్మని నేర్పినది. తిరుగవ్రాసిన పత్రమున సాంచాల సంగతి చేర్చెను. దరఖాస్తులు సర్దిపెట్టు కన్సల్టెన్సీవారు అది గౌరవముగా లేదని కొట్టివేసిరట. అతడు మరల చేర్చి పంపెను.

మన విశ్వవిద్యాలయములును ఇట్టి పత్ర మడుగవలెనన్నచో రెండాక్షేపణలు వచ్చును. వేలమంది వ్రాసినది చదువువారెవరు అనునది మొదటిది. అందఱివి చదువనక్కఱలేదు, ర్యాంకును బట్టియే సీటిచ్చి, చేరినవారినుండి ఒక్క పుట తీసికొని ఆ శాఖ అధ్యాపకులు చదివినచో చాలును. ఎవరికేది తెలియునో ఎఱిగి పాఠము మొదలుపెట్టవచ్చును. రెండవది గట్టిది. ఇప్పుడు కృత్రిమ మేధ యనునది అడిగిన నిమిషములో పత్రమును చక్కగా వ్రాసిపెట్టుచున్నది. అందుచే ఆ పుటను తరగతిలోనే కూర్చుండబెట్టి, వచ్చిన భాషలో, చేతితో వ్రాయింపవలెను. తెలుగు వచ్చినవాడు తెలుగులో, ఉర్దూ వచ్చినవాడు ఉర్దూలో వ్రాయును.

అయినను ఆ పుట నిండునా యను సందేహము నాకు కలదు. పాఠశాల పరీక్షలలో లేఖ వ్రాయుమను ప్రశ్న మామూలుగా వచ్చుచుండును. గైడులో నమూనాలేఖ యుండును. మార్కులు పోవునను భయమున ఉపాధ్యాయులమును దానినే వల్లెవేయింతుము. తరగతిలోని నలువదిమందియు ఒకే మిత్రునికి, ఒకే విహారయాత్రను గూర్చి, అవే మాటలతో వ్రాయుదురు. ఆ యాత్రకు పోయినవాడు వారిలో ఒక్కడును ఉండడు. ఆఱేడేండ్ల పిదప పై చదువులకు దరఖాస్తు పెట్టుకొనువారు వారే.