సేవాయాత్రల రాతల్లో మనం

చలికాలం వస్తే నంద్యాల, ఆళ్లగడ్డ వైపు విదేశీ క్రైస్తవ బృందాలు రావడం మనకు కొత్త కాదు. వారమో పది రోజులో ఉంటారు. ముసలివాళ్లకు బియ్యం, వితంతువులకు చీరలు, హాస్టలు పిల్లలకు దుప్పట్లు పంచుతారు. ఒక పూట వైద్య శిబిరం, సాయంత్రం ప్రార్థన. తిరిగి వెళ్లాక తమను పంపిన సంఘానికి ఫొటోలతో ఒక రిపోర్టు రాస్తారు. ఈ వ్యాసంలో మేము చదవబోయేది ఆ రిపోర్టుల్ని. ఆ మనుషుల మంచితనం మీద మాకు పేచీ లేదు. సెలవు పెట్టుకుని, సొంత డబ్బు ఖర్చు చేసుకుని, మన ఎండకు అలవాటు లేని ఒంటితో వచ్చినవాళ్లను వెక్కిరించడం తేలిక, దానివల్ల ఒరిగేదీ లేదు. కానీ రాత రాతే. కథలో, సినిమాలో గిరిజనుణ్ణి ఎలా చూపించారని నిలదీసే మనం ఈ రాతను మాత్రం ఎందుకు వదిలేయాలి? ఇందులో పాత్రలం మనమే కదా.

ముందు క్రియాపదాలు చూడండి. వచ్చినవాళ్లు ఇస్తారు, హత్తుకుంటారు, ప్రార్థిస్తారు, కన్నీళ్లు పెట్టుకుంటారు, మనసు మారి తిరిగి వెళ్తారు. మనం నవ్వుతాం, తీసుకుంటాం. అంతే. మేము చూసిన రిపోర్టుల్లో మన మనిషి ఒక్క ప్రశ్న వేసినట్టు ఎక్కడా లేదు. వాళ్లలో ప్రతివారికీ పేరుంది, ఊరుంది, ఉద్యోగముంది. మనవాళ్లు 'ఒక ముసలమ్మ', 'ఒక చిన్నారి'. ఏమీ లేకపోయినా వీళ్లెంత సంతోషంగా ఉన్నారో అన్న మెచ్చుకోలు మాత్రం తప్పకుండా ఉంటుంది. మమ్మల్ని ఎక్కువ బాధించేది ఈ మెచ్చుకోలే. లేమిని అది మన స్వభావంగా మార్చేస్తుంది. ఎందుకు లేకుండా పోయిందని అడగనివ్వదు.

ఆ ఫొటోల్లో నల్లమల వెనక పచ్చగా కనిపిస్తుంది. అది 1978లో అభయారణ్యమైందని, 1983లో పులుల సంరక్షణ కిందికి వచ్చిందని, చెంచులు తరతరాలుగా గడ్డలు తవ్వుకున్న, తేనె తీసుకున్న చోట్లకు పోవాలంటే ఇప్పుడు ఫారెస్టువాళ్లకు జవాబు చెప్పుకోవాలని చదివేవాడికి తెలియదు. చెంచుల్లాంటి ఆదిమ తెగలకు తమ ఆవాసం మీద సామూహిక హక్కు ఉందని 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకుందనీ తెలియదు. దుప్పటి లేక వణుకుతున్నాడు, మేము ఇచ్చాం. కథ అక్కడికి సరి. వైద్య శిబిరం కథా అంతే. క్షయ మందులు కనీసం ఆరు నెలలు విడవకుండా మింగాలి. దగ్గుకు సీసా ఇచ్చి పంపిన మనిషిని పదకొండో రోజు నుంచి చూడాల్సింది గూడేనికి వచ్చే ఏఎన్ఎం, ఆశా కార్యకర్త. ఏ ఫొటోలోనూ వాళ్లుండరు.

పిల్లల సంగతి ఇంకా బరువైనది. తల్లి బతికే ఉంటుంది. తండ్రి మిరప కోతకు పరాయి జిల్లా పోయి ఉంటాడు. బిడ్డకు చదువొస్తుందని హాస్టల్లో వేసి ఉంటారు. రిపోర్టులోకి ఎక్కేసరికి ఆ బిడ్డ 'అనాథ' అవుతుంది. ఈ మార్పు ఎక్కడ జరిగింది? వచ్చినవాడికి తెలుగు రాదు. చెప్పింది మనవాడే. అనాథ అంటే చందా వస్తుంది, కూలీ బిడ్డ అంటే రాదు. దిక్కులేని పిల్లల్ని ఉంచుకునే ప్రతి గృహమూ రిజిస్టరు కావాలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. అలాంటి పిల్లల పేరు, బడి, ఫొటో ప్రచురించకూడదనీ అదే చట్టం చెబుతోంది. పదేళ్ల తర్వాత ఆ పిల్ల కాలేజీలో చేరి, తన ముఖం కింద ఆ మాట చదువుకుంటే ఏమనుకోవాలి? పక్కన తల్లి కూర్చుని ఉంటే?

ఇదంతా మతం మీద దాడి అనుకోవద్దు. మనలో చర్చికి పోయేవాళ్లు చాలామందే ఉన్నారు. నంద్యాలలో ఎస్.పి.జి. మిషన్ బడి పెట్టకపోతే అక్షరం ముఖం చూసి ఉండని ఇళ్లు ఎన్నో. ఆళ్లగడ్డకు దగ్గర్లోని ముత్యాలపాడులో పంతొమ్మిదో శతాబ్దం నడుమ దిగిన ఆ మిషన్ దొరలు ఏళ్ల తరబడి ఉన్నారు, తెలుగు నేర్చుకున్నారు. వాళ్లూ సీమకు రిపోర్టులు రాశారు, అందులోనూ దొరతనం ఉంది. కానీ ఇక్కడి కరువూ ఇక్కడి తగాదాలూ కళ్లతో చూసి రాశారు. 1876-78 ధాత కరువులో ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇప్పించాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న లెక్కనే లోకం గొప్పగా చెప్పుకుంది. మాకు మాత్రం కాలువ పని పెద్దదిగా కనిపిస్తుంది.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తమిళదేశంలో పుట్టి, దోర్నకల్లో తెలుగు పేదల మధ్య పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య ఆ సభలో లేచి మాట్లాడాడు. రెండేళ్ల తర్వాత ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయినవాడు ఆయనే. మీ త్యాగాలు మరచిపోం, కానీ మాకు కావలసింది స్నేహితులు అన్నది ఆయన మాటల సారం. తెల్ల మిషనరీకీ నల్ల పనివాడికీ మధ్య ఉన్న దూరాన్ని దొరలందరి ముందు ఎత్తిచూపాడు. సేవాయాత్రల మీద ఇంతకన్నా పదునైన విమర్శ మాకు తెలియదు. అది చర్చి లోపలి నుంచే వచ్చింది.

ఊరికి అతిథి ఎలా రావాలో మన నేలకూ తెలుసు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకుని చెంచులకు అల్లుడయ్యాడు. పారువేటకు సంక్రాంతి మర్నాడు బయలుదేరి నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. పంచిపెట్టడానికి కాదు, తన పెళ్లికి రమ్మని పిలవడానికి. చెంచులు ఆ పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. వచ్చినవాడు దేవుడైనా ఆపి అడిగే హక్కు ఇంటివాళ్లకు ఉందన్నట్టు ఉంటుంది ఆ వేడుక. (అల్లుడి వైభవంలో అత్తింటివాళ్లకు ఎంత దక్కిందో మరో వ్యాసంలో మాట్లాడుకోవాలి.)

మరి సేవాయాత్రల దగ్గర ఆ బాణం ఎవరి చేతిలో ఉంది? ఆ బృందాల వెంట దుబాసీలుగా తిరిగే మన గూడేల, తండాల పిల్లల చేతిలో. రోజుకింత కూలి ఇస్తారు, తీసుకోవడం తప్పు కాదు. కానీ ముసలమ్మ "మా భూమి పట్టా ఏమైందో ఈ దొరనన్నా కనుక్కోమను నాయనా" అంటే, ఇంగ్లీషులో అది "ఆమె చాలా సంతోషంగా ఉంది, ప్రార్థన చేయమంటోంది" అయితే, రిపోర్టులో మొదటి అబద్ధం పుట్టింది అక్కడే. అన్నది అన్నట్టు చెప్పండి. పట్టాను పట్టా అనే అనండి, అదేమిటని అడిగితే కూర్చోబెట్టి వివరించండి. ఫొటో తీసేముందు తల్లిని అడిగి, ఆమె వద్దంటే కెమెరా దించమనండి. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు మత ప్రచారం చేయకూడదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. ఈ తేడా మీరు తెలుసుకోవాలి. గొడవైతే వాళ్లు విమానం ఎక్కుతారు, స్టేషను చుట్టూ తిరిగేది మీరు. బడివేళలో పిల్లల్ని వరుసగా నిలబెట్టి పాటలు పాడించమని అడిగితే కాదనే బాధ్యత ఉపాధ్యాయులది.

ఇంకొకటి. వెళ్లేటప్పుడు ఆ రిపోర్టు మాకూ పంపమని అడగండి. వచ్చాక తెలుగులో పెట్టి గూడెంలో అందరి ముందు చదవండి. ఆ ముసలమ్మనూ పిలవండి. ఏ వాక్యం దగ్గర నవ్విందో, ఏ వాక్యం దగ్గర తిట్టిందో రాసి, వాళ్ల అడ్రసుకే తిరిగి పంపండి.