కడుపులోని బిడ్డ గుండెకు ఎమ్మారై

కడుపులోని బిడ్డ గుండెను ఎమ్మారైతో చూడటం వైద్యంలో కొత్త విద్య. అయిదో నెలలో ఆ గుండె సుమారు రెండు సెంటీమీటర్లు ఉంటుంది. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. పైగా బిడ్డ ఉమ్మనీటిలో కదులుతూనే ఉంటుంది. అయినా ఆ గుండెను చూడాల్సిన అవసరం ఉంది. పుట్టే ప్రతి వెయ్యిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి గుండెలో పుట్టుకతోనే లోపం ఉంటుంది. వారిలో నాలుగో వంతు మందికి మొదటి ఏడాదిలోనే ఆపరేషనో మరో చికిత్సో తప్పదు. మేనరికం, గర్భం రాకముందు నుంచే తల్లికున్న షుగరు ఈ ముప్పును పెంచుతాయి. తెలంగాణలోని పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ పల్లెల్లో మేనరికాలు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మొదటి పరీక్ష ఎమ్మారై కాదు, బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూడటానికి 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్. 2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 44 ఆసుపత్రులకు 56 టిఫా యంత్రాలు ఇచ్చింది. ఈ స్కాన్‌లో గుండె నాలుగు గదులను మాత్రమే చూసి ఊరుకుంటే చాలదు. పెద్ద రక్తనాళాలు రెండూ తారుమారైన బిడ్డలో నాలుగు గదులూ మామూలుగానే కనిపిస్తాయి. గుండె నుంచి బయలుదేరే నాళాలను కూడా చూసినప్పుడే ఆ లోపం దొరుకుతుంది. అనుమానం వస్తే తరువాతి మెట్టు ఫీటల్ ఎకో, అంటే బిడ్డ గుండెను ధ్వని తరంగాలతో చూసే పరీక్ష.

ఎకో కూడా తేల్చలేని సందర్భాలుంటాయి. తల్లి లావుగా ఉన్నా, ఉమ్మనీరు తగ్గినా, చివరి నెలల్లో బిడ్డ పక్కటెముకలు గట్టిపడినా ధ్వని తరంగాలు తెచ్చే బొమ్మ మసకబారుతుంది. ఎమ్మారైకి ఈ అడ్డంకులు తక్కువ. ఇందులో ఎక్స్‌రే కిరణాలుండవు. బొమ్మ స్పష్టంగా రావడానికి వాడే గాడోలినియం మందును గర్భిణికి ఎక్కించరు. అసలు చిక్కు కదలిక. పెద్దవాళ్లకైతే ఈసీజీ ఆధారంగా గుండె లయకు సరిపడా బొమ్మ తీస్తారు. కడుపులోని బిడ్డ ఈసీజీ ఎమ్మారై యంత్రంలో అందదు. అందుకే కొన్నిచోట్ల డాప్లర్ పరికరంతో బిడ్డ గుండె లయను పట్టి, దానికి తగ్గట్టు యంత్రాన్ని నడుపుతారు. లండన్‌లోని కింగ్స్ కాలేజీ, ఎవెలీనా పిల్లల ఆసుపత్రి బృందం వేరే దారి పట్టింది. ఒక్కో బొమ్మను సెకను కూడా పట్టకుండా, అన్ని వైపుల నుంచీ పొరలు పొరలుగా తీస్తారు. చెదిరిన వాటిని కంప్యూటరు ఏరివేసి, మిగిలినవాటిని సరిచేసి గుండె, నాళాల పూర్తి రూపం కడుతుంది. 85 మంది గర్భిణులపై జరిగిన ఈ అధ్యయనం 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బృహద్ధమని ఎక్కడ సన్నబడింది, వంపు ఏ వైపు తిరిగింది, ఊపిరితిత్తుల సిరలు ఎక్కడ కలిశాయి వంటి ప్రశ్నలకు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. టొరంటో పరిశోధకులు ఎమ్మారైతోనే రక్త ప్రవాహాన్నీ ప్రాణవాయువునూ కొలిచి, తీవ్రమైన గుండె లోపమున్న బిడ్డల మెదడు ఆక్సిజన్‌ను తక్కువగా వాడుకుంటోందని 2015లో చూపారు.

అయినా ఇది ఎకోకు తోడే గానీ బదులు కాదు. మంచి బొమ్మ రావాలంటే సాధారణంగా ఏడో నెల దాటాలి. చట్టం ప్రకారం గర్భస్రావానికి మామూలు గడువు మాత్రం 24 వారాలకే ముగుస్తుంది. ఆ తరువాత తీవ్ర లోపముంటే మెడికల్ బోర్డు అనుమతి కావాలి. కనుక గర్భం గురించిన నిర్ణయానికి ఆధారం టిఫా, ఎకోలే. ఎమ్మారై విలువ కాన్పు ఏర్పాట్లలో తెలుస్తుంది. కొన్ని లోపాలున్న బిడ్డ పుట్టాక, గుండె పక్కనున్న డక్టస్ నాళం తెరిచి ఉన్నంతవరకే బతుకుతుంది. అది కొద్ది రోజుల్లో మూసుకుపోతుంది. ప్రోస్టాగ్లాండిన్ మందు ఎక్కిస్తే తెరిచి ఉంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అచ్చంపేట, దేవరకొండ తండాలకు పట్నం ఇంకా దూరం. నీలిరంగుకు తిరిగిన పసికందును అంబులెన్సులో తరలించడం కంటే, తల్లిని ముందే పిల్లల గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి దగ్గరగా చేర్చడం ఎంతో మేలు.

ఆపరేషన్ ఖర్చుకు ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ అండ ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పిల్లల గుండె ఆపరేషన్లూ దాని కిందికి వస్తాయి. ఇక మిగిలింది సమయానికి స్కాన్ చేయించుకోవడం. వలస వెళ్లే కుటుంబాల్లో ఈ గడువు తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. బొంబాయికో పుణెకో బయలుదేరే గర్భిణి అయిదో నెల స్కాన్ ఎక్కడ చేయించుకోవాలో ముందే ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోవాలి. రిపోర్టును ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకోవాలి.