చాలు వెంట వేలు

మొదటి ఏడాది ఎంబీబీఎస్ పిల్లలకు మెదడు చూపించే రోజున ముందుగా పుస్తకాలు మూయిస్తాను. బొమ్మలో పరైటల్ లోబ్ మీది చాళ్ళు దున్నిన మడిలా తీరుగా ఉంటాయి. ట్రేలోని మెదడు అలా ఉండదు.

ఫార్మలిన్‌లో గట్టిపడ్డ మెదడు ముట్టుకుంటే జున్నులా ఉంటుంది. పైనున్న పల్చటి పొరను ఫోర్సెప్స్‌తో పట్టి, నారింజ తొన మీది పొర తీసినట్టు, చాలు పొడవునా నెమ్మదిగా లాగాలి. సన్నని రక్తనాళాలు దాంతోపాటే వచ్చేస్తాయి. తొందరపడితే కింది కార్టెక్స్ పెచ్చుగా లేచిపోతుంది. దాని మందం రెండు మూడు మిల్లీమీటర్లే.

మొన్న ఒకమ్మాయి ఇంట్రాపరైటల్ సల్కస్ కోసం పావుగంట వెతికి, "మేడమ్, దీనికి లేదండీ" అంది.

"ఉంటుందమ్మా. పైనుంచి వెతక్కు. లోపలి వైపుకు తిప్పు" అన్నాను.

ఆ వైపున సింగ్యులేట్ సల్కస్ వెనక్కి సాగి, ఒకచోట పై అంచుకు మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు కాస్త ముందు అంచు దగ్గరికొచ్చే చాలు సెంట్రల్ సల్కస్. పరైటల్ లోబ్‌కు ముందు పొలిమేర అదే. దాని వెనకే, ఇంచుమించు సమాంతరంగా, పోస్ట్‌సెంట్రల్ సల్కస్. అక్కడి నుంచి వెనక్కి బయల్దేరేదే మేము వెతుకుతున్నది. ఈ మెదడులో పోస్ట్‌సెంట్రల్ రెండు ముక్కలుగా తెగింది. కింది ముక్క ఇంట్రాపరైటల్‌తో కలిసిపోయి ఒకే చాలులా వంపు తిరిగింది. ఇది అరుదేమీ కాదు. పరీక్షల్లో స్పాటర్లుగా తీరైన మెదళ్ళనే ఏరి పెట్టడం నాకు అందుకే నచ్చదు.

అంచులు రెండూ బొటనవేళ్ళతో విప్పించాను. పైకి గీతలా ఉన్నది లోపల లోయ. మెదడు కార్టెక్స్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా మడతల్లోనే దాగి ఉంటుంది. 1866లో ఎడిన్‌బరోలో విలియం టర్నర్ ఈ చాలును వర్ణించాడు. దీనికి పైన సుపీరియర్ పరైటల్ లోబ్యూల్, కింద ఇన్ఫీరియర్. ఆ కింది దాంట్లో వెనక భాగం యాంగ్యులర్ గైరస్. 1924లో వియన్నాలో జోసెఫ్ గెర్స్ట్‌మన్, తన చేతి వేళ్ళలో ఏది ఏదో చెప్పలేని ఒక రోగి గురించి రాశాడు. అలాంటి రోగుల్లో లెక్కలు, రాత, కుడి ఎడమల తేడా కూడా తప్పుతాయని తర్వాత గమనించి, ఎడమ వైపు యాంగ్యులర్ గైరస్ ప్రాంతం దెబ్బతినడమే కారణమన్నారు.

ఇది చెప్పాక ఆ అమ్మాయి గ్లవ్ తొడిగిన తన వేళ్ళను కాసేపు చూసుకుంది. తర్వాత ఇంకో ట్రే దగ్గరికి జరుపుకుని, పుస్తకం తెరవకుండానే, మెదడును లోపలి వైపుకు తిప్పింది.