ఎడమ పేజీ నిండాక

నవంబరు వచ్చిందంటే పెన్షనర్లకు ఒక పని తప్పదు. బతికే ఉన్నామని రుజువు చూపించుకోవాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక కాగితాల బాధ తగ్గింది, వేలిముద్ర పెడితే చాలు. నిరుడు ఆ చిన్న యంత్రం మీద బొటనవేలు పెట్టాను. తీసుకోలేదు. తుడుచుకుని మళ్లీ పెట్టాను. చూపుడువేలు, మధ్యవేలు, ఆ తర్వాత ఎడమచెయ్యి. ఒక్కటీ పడలేదు. "గీతలు అరిగిపోయాయండీ, పెద్దవాళ్లకి మామూలే" అంటూ కౌంటర్లో అమ్మాయి ఫోన్ తీసి నా ముఖానికి ఎదురుగా పెట్టింది. కళ్లార్పమంది. ఆర్పాను. పని అయిపోయింది.

ఇంటికొచ్చి ఆ సంగతి నోటుపుస్తకంలో రాసుకున్నాను. తపాలా శాఖలో ముప్పై ఏడేళ్లు పనిచేసి రిటైరైన నాటి నుంచీ ఆ పుస్తకం నా దగ్గరే ఉంటోంది. ఎడమ పేజీలో ఆ రోజు కంటబడిన ఒక వస్తువో, జరిగిన ఒక విషయమో రాస్తాను. కుడి పేజీ బైబిలు వాక్యానికి వదిలిపెడతాను. రెండు పేజీల ఏర్పాటు నాదే గానీ పద్ధతి నాది కాదు. క్రైస్తవ భక్తిలో దానికి నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. మన సంఘాల్లో ఉపవాస ప్రార్థనల గురించి, వేకువ ప్రార్థనల గురించి చెప్పేవాళ్లున్నారు. దీని గురించి చెప్పేవాళ్లు నాకు తారసపడలేదు. రిటైరైన మనిషికి ఇంతగా పనికొచ్చే సాధన మరొకటి ఉందని నేననుకోను.

జోసెఫ్ హాల్ ఇంగ్లండులో బిషప్పుగా పనిచేసిన మనిషి. 1574లో పుట్టాడు. ధ్యానం ఎలా చెయ్యాలో చెబుతూ 1606లో ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ధ్యానాన్ని రెండు రకాలుగా విడదీశాడు. వేళ చూసుకుని, తలుపు వేసుకుని, ఒక విషయం మీద మనసు నిలిపి చేసేది మొదటిది. దారిలో ఏదో కంటబడితే అక్కడికక్కడే చేసేది రెండోది. ఈ రెండో రకం ధ్యానాలు ఆయన రాసిపెట్టుకున్నవి 1630లో అచ్చయ్యాయి. తెలుగులో చెప్పాలంటే వాటిని 'సందర్భ ధ్యానాలు' అనవచ్చు. వాటిలోని వస్తువులు ఏమంత గొప్పవి కావు. సాలెపురుగు, నీడ గడియారం, పుస్తకాలతో నిండిన గది, కిటికీలోంచి లోపలికొచ్చి పాడిన ఒక చిన్న పిట్ట. చాలావాటికి ఒక పేజీ కూడా పట్టదు. ముందు చూసింది చెబుతాడు. తర్వాత దాన్ని తన వైపు తిప్పుకుంటాడు. చివర దేవుడితో ఒక మాట మాట్లాడి ఆపేస్తాడు.

ఆ పిట్ట సంగతే తీసుకోండి. మళ్లీ తిండి ఎక్కడ దొరుకుతుందో దానికి తెలియదు, అయినా పాడుతోంది. వెచ్చని ఇంట్లో, దేవుడిచ్చిన సమృద్ధి మధ్య కూర్చున్న నేను దిగులు పడుతున్నాను, ఎంత సిగ్గుచేటు అంటాడు హాల్. సిగ్గు తనకే తప్ప చదివేవాళ్లకు కాదు. పిట్టను చూపించి ఆయన ఎవరికీ బుద్ధి చెప్పలేదు.

రిటైరైన వాళ్లం జారిపోయేది ఇక్కడే. తీరిక దండిగా ఉంటుంది, నాలుగు విషయాలు తెలుసు, ఎదురుగా మనవలుంటారు. మొదటి ఏడాది నేను చేసిందీ అదే. ఫోన్ చార్జింగు అయిపోతే ప్రార్థన గురించి, బస్సు తప్పిపోతే ప్రభువు రాకడ గురించి మా మనవడికి చెప్పేవాణ్ణి. వాడు నెమ్మదైన పిల్లాడు, అన్నీ విన్నాడు. కొన్నాళ్లకు నా గదిలోకి రావడం తగ్గించాడు. తప్పు ఎవరిదో తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. దేవుడు నా కోసం రాసిన ఉత్తరాలను నేను చదువుకోకుండా పక్కవాళ్ల ఇళ్లకు బట్వాడా చేస్తూ వచ్చాను. ఇప్పుడు కుడి పేజీలో "నువ్వు", "మీరు" అన్న మాటలు రాయను. దేవుణ్ణి పిలిచేటప్పుడు తప్ప.

హాల్ మీద నాకు నమ్మకం కుదరడానికి ఆయన ముసలితనం కూడా కారణం. 1641లో నార్విచ్‌కు బిషప్పు అయ్యాడు. ఆ చలికాలంలోనే ఆయన్నీ మరికొందరు బిషప్పులనూ లండన్ కోటలో బంధించారు. దేశంలో యుద్ధం వచ్చింది, ఆస్తి జప్తయింది, బిషప్పు భవనం లోంచి ఆయన్ను వెళ్లగొట్టారు. ఊరి బయట మామూలు ఇంట్లో ఉంటూ 1656లో, ఎనభై దాటాక, కన్నుమూశాడు. మాకు సన్మానం చేసి శాలువా కప్పి పంపిస్తారు. ఆయనకు ఆ మర్యాద కూడా దక్కలేదు.

ఇక వేలిముద్ర దగ్గరకు వస్తాను. ఆ రోజు ఎడమ పేజీ రాయడం పూర్తికాకముందే ఒక వాక్యం మనసులోకి వచ్చేసింది. యెషయా గ్రంథం నలభై తొమ్మిదో అధ్యాయంలో, దేవుడు తన ప్రజలను తన అరచేతుల మీదే చెక్కుకున్నానంటాడు. నా చేతి గీతలు అరిగిపోయినా ఆయన చేతి మీది గీతలు అరగవు. కళ్లు చెమర్చాయి. రాసెయ్యబోయి ఆగాను. మొదట వచ్చే వాక్యం చాలాసార్లు అలవాటు కొద్దీ వస్తుంది. ఆ వస్తువును చూడకుండానే వస్తుంది. అందుకే మర్నాటి దాకా కుడి పేజీ ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను. ఈ సాధనలో కష్టమంతా ఆ ఒక్క రోజు ఆగడంలోనే ఉంది.

మర్నాడు ఎడమ పేజీ మళ్లీ చదివాను. నా ముప్పై ఏడేళ్ల సర్వీసు గురించి ఆ అమ్మాయి ఏమీ అడగలేదు. అంతకు ముందు ఏడాది సర్టిఫికెట్ అడగలేదు. మా అబ్బాయి వేలు నా వేలికి బదులు పనికిరాదు. ఈ ఏడు, ఈ రోజు, నేనే ఎదురుగా నిలబడి కన్నార్పాలి. అప్పుడు నిర్గమకాండంలోని మన్నా గుర్తొచ్చింది. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టేది. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను, సంఘంలో ఇరవై ఏళ్లు కోశాధికారిగా ఉన్నాను. అదంతా నేను దాచుకున్న మన్నా. ఈ రోజు ఏరుకున్నదెంత? ఆ ప్రశ్నే కుడి పేజీలో రాశాను. యెషయా వాక్యం నన్ను ఓదార్చింది, మంచిదే. ఇది మాత్రం మోకాళ్ల మీదికి దించింది.

హాల్ తర్వాత ఈ దారిన నడిచినవాళ్లలో రాబర్ట్ బాయిల్ ఒకడు. వాయువుల పీడనం గురించి బడిలో మనం చదువుకున్న బాయిల్ సూత్రం ఆయనదే. 1665లో ఇలాంటి ధ్యానాల పుస్తకం అచ్చు వేశాడు. కంటబడినదాన్ని శ్రద్ధగా చూడాలన్నది ఆయన పట్టు. తర్వాత జొనాథన్ స్విఫ్ట్ చీపురుకట్ట మీద ధ్యానం అని ఒకటి రాసి బాయిల్‌ను ఎగతాళి చేశాడు. స్విఫ్ట్ కూడా మతగురువే. ఆయన దెబ్బ సరైన చోటే తగిలిందని నా అభిప్రాయం. వస్తువును సరిగ్గా చూడకుండా పాఠం అతికిస్తే దేన్నుంచైనా ఏ పాఠమైనా లాగవచ్చు. చీపురును నిజంగా చూసినవాడు చీపురు దగ్గరే ఆగుతాడు, తొందరపడి పరలోకానికి ఎగబాకడు.

ప్రభువు చెప్పిన ఉపమానాలు ఇందుకే అంత గట్టిగా నిలబడ్డాయి. మత్తయి పదమూడో అధ్యాయంలో ఒక స్త్రీ పులిసిన పిండిని మూడు కుంచాల పిండిలో పెడుతుంది. చిన్నప్పటి నుంచీ వింటున్నా ఆ కొలత గురించి ఆలోచించలేదు. ఆ కాలపు లెక్కన అది దాదాపు నలభై లీటర్ల పిండి. ఇంటి తిండికి కాదు, నూరు మందికి పైగా విందు. ఆమె కలిపిందని కూడా లేదు, దాచిపెట్టిందని ఉంది. ఆ మాట నాకు అర్థమైంది మా వంటింట్లోనే. డిసెంబరు చలికి ఇడ్లీ పిండి ఓ పట్టాన పులవదు. గిన్నెకు తువ్వాలు చుట్టి పొయ్యి పక్కన పెడుతుంది మా ఆవిడ. నేను గంటకోసారి వెళ్లి మూత తీసి చూసేవాణ్ణి. "ఏమండీ, మూత తియ్యకండి. చూస్తుంటే పొంగదు, చల్లారిపోతుంది" అంది. దూరాన ఉన్న మా పెద్దవాడి గురించి ఏళ్ల తరబడి రోజూ ప్రార్థన చేసి, రోజూ ఫోన్ చేసి సంఘానికి వెళ్లావా అని అడుగుతూ వచ్చాను. ఆవిడ ఆ మాటన్న రోజు నుంచి ప్రార్థన మానలేదు. అడగడం మానేశాను.

వంటింట్లో దేవుణ్ణి వెతికినవాళ్లలో లారెన్స్ సహోదరుడి పేరు చాలామంది ఎరుగుదురు. యుద్ధంలో గాయపడ్డ సైనికుడు, తర్వాత పారిస్‌లో కర్మెలు మఠంలో వంటవాడు, కాళ్లు సహకరించని రోజుల్లో చెప్పులు కుట్టాడు. 1691లో చనిపోయాడు. ఆయన గురించి చదివినప్పుడు నాకు మా అమ్మ కనిపించింది. అత్తెసరు పెట్టే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది, ఆ వేసేటప్పుడు ఎవరిదో ఒకరి పేరు పలికి ప్రార్థించేది. నెలాఖరుకు కుండ సంఘానికి వెళ్లేది. డెల్టా పల్లెల్లో అప్పట్లో ఇది చాలా ఇళ్లలో ఉండేది. అమ్మకు చదువు రాదు, నోటుపుస్తకం లేదు. పిడికిలే ఆమెకు పేజీ.

రాత్రి పడుకునే ముందు ఇంకో పని చేస్తాను. లొయోలా ఇగ్నేషియస్ పుస్తకం 1548లో అచ్చయింది, దానిలో రోజును తిరిగి చూసుకునే పద్ధతి ఉంది. ముందు కృతజ్ఞత, తర్వాత చూడగలిగే వెలుగు ఇమ్మని అడగడం, ఉదయం నుంచి గంట గంటా తలుచుకోవడం, తప్పుకు క్షమాపణ, రేపటికి తీర్మానం. నేను ప్రొటెస్టెంటును. ఇది కాథలిక్కుల దారి అని మొదట వెనకాడాను. ఇప్పుడు వెనకాడను. కృతజ్ఞతతో మొదలుపెట్టడంలో గొప్ప జ్ఞానం ఉంది. వయసు మళ్లాక తిరిగి చూసుకోవడం అంటే నెప్పులు లెక్కపెట్టుకోవడంగా మారిపోతుంది.

అన్ని కుడి పేజీలూ నిండవు. మా వీధి మలుపులో ఎర్ర తపాలా పెట్టె ఉంది. పొద్దున పదకొండున్నరకు క్లియరెన్సు అని దాని మీద రాసి ఉంటుంది. ఒక పూట నిలబడి చూశాను. కుర్రాడొచ్చి తాళం తీశాడు. లోపల ఒక్క ఉత్తరమూ లేదు. అడుగున చెయ్యి పెట్టి మూలమూలా తడిమాడు, మళ్లీ తాళం వేసి, తాళం లాగి చూసుకుని వెళ్లిపోయాడు. నేను చేసినన్నాళ్లూ ఆ పెట్టెలు నిండుగా ఉండేవి. ఎడమ పేజీ నిండా రాశాను, ఇంకో కాగితం అతికించాను కూడా. వేసవి నుంచి కుడి పేజీ ఖాళీగానే ఉంది. రేపు పదకొండున్నరకు మళ్లీ వెళ్లి నిలబడతాను.